పాత టీవీకి కొత్త పెట్టె

వెనుక భాగం ఉబ్బెత్తుగా ఉండి గాజు పిక్చర్ ట్యూబుతో పని చేసే పాతకాలపు టెలివిజన్ దుకాణాల నుంచి కనుమరుగై చాలా ఏళ్లయినా, పల్లెటూళ్ల ఇళ్లలోను, పట్టణాల్లోని టీ హోటళ్లలోను, అపార్టుమెంట్ల వాచ్‌మన్ గదుల్లోను అది ఇంకా నమ్మకంగా పని చేస్తూనే ఉంది. అయితే ఆ టీవీ వెనుక ఉన్న అంటెన్నా సాకెట్టులో తీగను నేరుగా గుచ్చితే ఈనాడు దాదాపు ఎక్కడా బొమ్మ రాదు. యంత్రం బాగానే ఉన్నా, అది అందుకోగల పద్ధతిలో ప్రసారం చేసేవారు లేకపోవడమే దీనికి కారణం. ఈ ఎడాన్ని పూడ్చడానికి తీగకూ టీవీకీ మధ్య అమర్చే పరికరాన్ని సాంకేతిక పరిభాషలో డిజిటల్ కన్వర్టర్ బాక్సు అనీ, వాడుకలో సెట్ టాప్ బాక్సు లేదా ఉత్త బాక్సు అనీ అంటున్నారు. దాన్ని తెచ్చుకోమని చెప్పినవారు చాలామంది ఉన్నారు గాని, అది ఏమి చేస్తుందో, ఏ టీవీకి ఎలా తగిలించాలో, డబ్బిచ్చి తెచ్చుకున్నాక అది నిజంగా ఎవరి సొత్తో విడమరచి చెప్పినవారు తక్కువ.

పాత టీవీ తీసుకునేది అనలాగ్ సంకేతాన్ని, అంటే దృశ్యంలోని వెలుగునీడల హెచ్చుతగ్గులను విద్యుత్ తరంగపు హెచ్చుతగ్గులుగా యథాతథంగా మోసుకొచ్చే సంకేతాన్ని. భారతదేశం అనుసరించిన పాల్ ప్రమాణం ప్రకారం ఒక్కో చిత్రం 625 అడ్డగీతలుగా, సెకనుకు 25 చిత్రాల చొప్పున వస్తుంది. పిక్చర్ ట్యూబులోని ఎలక్ట్రాన్ల పుంజం ఆ గీతలను తెర మీద ఒకదాని తరువాత ఒకటిగా గీస్తూ పోతుంది. డిజిటల్ పద్ధతిలో అదే దృశ్యం సున్నాలు, ఒకట్ల వరుసగా మారి, అందులో అనవసరమైన పునరుక్తిని తొలగించగా కుదించుకుపోయి, తరచుగా తాళం కూడా వేయబడి వస్తుంది. పెట్టె ఆ తాళం తీసి, కుదింపును విప్పి, అంకెలను మళ్లీ 625 గీతల అనలాగ్ చిత్రంగా మార్చి టీవీకి అందిస్తుంది కనుక, టీవీ దృష్టిలో ప్రపంచం 1985లో ఉన్నట్టే ఉంటుంది.

టీవీకి ముందు ఇలాంటి మార్పిడి పెట్టెను అమర్చడం తెలుగు పల్లెలకు కొత్త విషయం కాదన్న సంగతి ఈనాడు చాలామందికి తెలియదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఇస్రో, నాసా కలిసి ‘సైట్’ అనే ఉపగ్రహ బోధన ప్రయోగాన్ని నిర్వహించి, ఏ.టి.ఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలను పంపినప్పుడు, తెలుగు కూడా ఆ ప్రసార భాషల్లో ఒకటిగా ఉంది. ఉపగ్రహం నుంచి 860 మెగాహెర్ట్జ్ వద్ద వచ్చే సంకేతాన్ని మామూలు టీవీ నేరుగా చూపలేదు గనుక, కోళ్ల గూళ్లకు వాడే ఇనుప జాలీతో చేసిన మూడు మీటర్ల డిష్‌ను పాతి, దాని తీగకూ టీవీకీ మధ్య ఒక కన్వర్టర్‌ను అమర్చారు. ఈ సామూహిక టీవీ సెట్ల తయారీలో హైదరాబాదులోని ఈ.సి.ఐ.ఎల్. సంస్థ ప్రధాన పాత్ర వహించింది. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977లో కాబట్టి, కొన్ని తెలుగు పల్లెలు రాజధాని నగరం కంటే ముందే టీవీ చూశాయని, అదీ ఒక పెట్టె సాయంతో చూశాయని చెప్పవచ్చు. ఆ మార్పిడి ఖర్చు గ్రామస్థుల మీద పడలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం.

1990ల్లో కేబుల్ టీవీ వీధి వీధికీ విస్తరించిన కాలంలో పెట్టె అవసరమే లేకపోయింది. ఆపరేటరు తన కంట్రోల్ రూములో పెద్ద డిష్‌లతో ఛానళ్లను దించి, ఒక్కో ఛానల్‌కు ఒక్కో పౌనఃపున్యం కేటాయించి, నల్లటి కోయాక్సియల్ తీగ ద్వారా స్తంభం నుంచి స్తంభానికి, అక్కడి నుంచి కిటికీలోకి పంపేవాడు. ఈ ఏర్పాటు చవకైనదే గాని దానికి రెండు గట్టి పరిమితులు ఉండేవి. అనలాగ్ ఛానల్ ఒక్కోటి తీగలో 7 లేదా 8 మెగాహెర్ట్జ్ చోటును పూర్తిగా ఆక్రమించుకుంటుంది కనుక ఛానళ్ల సంఖ్య కొంత దూరం పోయాక ఆగిపోవలసిందే. పైగా ఏ ఇంట్లో ఎవరు ఏమి చూస్తున్నారో, అసలు ఎన్ని ఇళ్లకు కనెక్షన్లు ఉన్నాయో లెక్క తేలేది కాదు. ఇళ్ల సంఖ్యను తగ్గించి చూపుతున్నారని ప్రసార సంస్థలు ఆపరేటర్ల మీద, పన్నుల ఆదాయం పోతోందని ప్రభుత్వాలు, ఇష్టం లేని ఛానళ్లకు కూడా చెల్లించవలసి వస్తోందని వీక్షకులు ఫిర్యాదు చేస్తూ వచ్చారు. ప్రతి ఇంట్లోనూ ఒక సంఖ్య గల పెట్టెను ఉంచి, దాన్ని కేంద్రం నుంచి విడివిడిగా తెరవడం, మూయడం సాధ్యమైతే ఈ లెక్కలన్నీ తేలుతాయన్న ఆలోచన అక్కడి నుంచి పుట్టింది. 2003 సెప్టెంబరులో చెన్నైలో పే ఛానళ్లకు పెట్టెను తప్పనిసరి చేసిన ఏర్పాటు దీనికి తొలి రూపం.

2011లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టాన్ని సవరించి, దేశమంతటా కేబుల్ ప్రసారాలను నాలుగు దశల్లో డిజిటల్‌కు మార్చాలని పార్లమెంటు నిర్ణయించింది. నాలుగు మహానగరాల తరువాత, 2013 మార్చి 31 గడువుతో మొదలైన రెండో దశలోని 38 నగరాల జాబితాలో హైదరాబాద్, విశాఖపట్నం ఉన్నాయి. మిగిలిన పట్టణాలు మూడో దశలోకి, పల్లెలు నాలుగో దశలోకి వచ్చాయి. చాలినన్ని పెట్టెలు అందుబాటులో లేవంటూ ఆపరేటర్లు పలు హైకోర్టులను ఆశ్రయించడంతో గడువులు జరుగుతూ పోయి, చివరి దశకు 2017 మార్చి 31 ఆఖరి తేదీ అయింది. మరోవైపు దూరదర్శన్ తన అనలాగ్ భూతల ప్రసార కేంద్రాలను దశలవారీగా మూసివేయడంతో, ఇంటి మీద అల్యూమినియం కడ్డీల అంటెన్నా నిలిపి డబ్బు కట్టకుండా చూసే మార్గం కూడా, వ్యూహాత్మకంగా కీలకమైన కొన్ని చోట్ల తప్ప, 2022 నాటికి ముగిసింది.

ఈ మార్పు వల్ల మేలు జరగలేదని ఎవరూ అనలేరు. డిజిటల్ కేబుల్‌లో 8 మెగాహెర్ట్జ్ చోటు సెకనుకు సుమారు 38 మెగాబిట్ల సమాచారాన్ని మోయగలదు. స్టూడియోలో సెకనుకు 270 మెగాబిట్లుగా ఉండే సాధారణ నాణ్యత చిత్రాన్ని ఎంపెగ్ అనే కుదింపు పద్ధతి మూడు నాలుగు మెగాబిట్లకు తెస్తుంది కనుక, ఒక్క అనలాగ్ ఛానల్ పట్టే చోటులో పది దాకా ఛానళ్లు ఇముడుతాయి. అయితే ఖర్చు ఎవరు భరించాలన్న విషయంలో వీక్షకుడికి న్యాయం జరగలేదనే చెప్పాలి. అమెరికాలో 2009 జూన్ 12న పూర్తి శక్తి గల కేంద్రాల అనలాగ్ ప్రసారాలు ఆగిపోయినప్పుడు, ఖాళీ అయిన తరంగాల వేలంలో ప్రభుత్వానికి భారీ ఆదాయం వచ్చింది కాబట్టి, పాత టీవీలు ఉన్న కుటుంబాలకు ఇంటికి రెండు చొప్పున 40 డాలర్ల కూపన్లు ఇచ్చి కన్వర్టర్ బాక్సులు కొనిపించారు. అక్కడి పెట్టె ఒకసారి కొంటే ఏ ఊళ్లోనైనా, ఏ కేంద్రానికైనా, నెలవారీ చందా లేకుండా పని చేస్తుంది. ఇక్కడ మాత్రం పెట్టె ధర గానీ, అద్దె గానీ, అడ్వాన్సు గానీ దాదాపు పూర్తిగా ఇంటి యజమాని జేబు నుంచే పోయింది. మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాలకు, దూరదర్శన్ చందా లేకుండా నడిపే ఫ్రీ డిష్ ఉపగ్రహ సేవకు చెందిన 8 లక్షలకు పైగా పెట్టెలను ఉచితంగా ఇచ్చేందుకు కేంద్రం 2023లో ఆమోదించిన పథకం మంచిదే అయినా, అది చట్టం వచ్చిన పుష్కర కాలానికి వచ్చింది.

పాత టీవీకి పెట్టె తెచ్చుకునేవారు మొట్టమొదట తెలుసుకోవలసింది, పైకి ఒకేలా కనిపించే ఈ పెట్టెలు లోపల వేరువేరు జాతులవన్నది. కేబుల్ తీగకు పనికివచ్చే పెట్టె డిష్‌కు పనికిరాదు. డిష్ పెట్టె ఫైబర్‌కు పనికిరాదు. ఒక కేబుల్ సంస్థ పెట్టె అదే వీధిలోని ఇంకో కేబుల్ సంస్థ తీగకు తగిలించినా తాళం తెరుచుకోదు. అందువల్ల పెట్టె కొనడానికి ముందు ఇంటికి ఏ దారిలో ప్రసారం రావాలో తేల్చుకోవాలి.

కేబుల్ తీసుకుంటే ఆపరేటరే పెట్టె తెచ్చి, దరఖాస్తు ఫారం నింపించి, పెట్టె మీద గాని దానిలోని స్మార్ట్ కార్డు మీద గాని ఉన్న నంబరును ఆ ఇంటి పేరుతో నమోదు చేయిస్తాడు. ఆ నమోదు జరిగి, కేంద్రం నుంచి అనుమతి సంకేతం వచ్చేదాకా తెర మీద ఛానల్ పేర్లు కనిపించినా బొమ్మ రాదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఫైబర్‌నెట్ సంస్థ కరెంటు స్తంభాల మీదుగా వేసిన ఆప్టికల్ ఫైబర్ ద్వారా, నెలకు 149 రూపాయల ప్రారంభ ధరతో ఇంటర్నెట్, ఫోను, టీవీ మూడూ కలిపి అందించే పథకాన్ని 2017 డిసెంబరులో ప్రారంభించింది. ఇందులో చిత్రం ఇంటర్నెట్ పొట్లాలుగా వస్తుంది కాబట్టి దాని పెట్టె మరో జాతికి చెందుతుంది.

పాత టీవీ ఒక్కటే ఉండి, నెలనెలా డబ్బు కట్టే స్థోమత గాని అవసరం గాని లేని ఇంటికి దూరదర్శన్ నడిపే డీడీ ఫ్రీ డిష్ అన్నిటికంటే తగిన మార్గం. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలైన ఈ సేవకు చందా లేదు. డిష్‌కూ పెట్టెకూ ఒక్కసారి పెట్టే ఖర్చుతో సరిపోతుంది. ప్రసారం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది కనుక, హైదరాబాద్ నుంచి చూస్తే డిష్ ఆగ్నేయ దిక్కుకు తిరిగి, ఆకాశంలో నడినెత్తికీ దిగంతానికీ మధ్య సగానికి పైన, సుమారు 63 డిగ్రీల ఎత్తున ఉన్న బిందువును చూడాలి. ఆ దిక్కున కొబ్బరి చెట్టో, పక్కింటి నీళ్ల ట్యాంకో అడ్డం వస్తే ఎంత ఖరీదైన పెట్టె అయినా ఉపయోగం లేదు. డిష్ ముందు కొక్కెంలా నిలిచే చిన్న పరికరాన్ని ఎల్.ఎన్.బి. అంటారు, ఉపగ్రహం నుంచి వచ్చే అధిక పౌనఃపున్య తరంగాలను తీగ మోయగలిగే స్థాయికి దించడం దాని పని. ఈ తరంగాలను వాన చినుకులు పీల్చుకుంటాయి కాబట్టి కుండపోత వానలో కాసేపు బొమ్మ పోవడం సహజమే, దానికి మెకానిక్‌ను పిలవనక్కరలేదు. ఫ్రీ డిష్‌లో ఛానళ్ల జాబితా ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది గనుక, అలవాటైన ఛానల్ కనిపించనప్పుడు మెనూలోకి వెళ్లి ఆటో స్కాన్ చేయించడం మొదటి చికిత్స. చందా కట్టే డిష్‌లో వచ్చే తెలుగు వినోద ఛానళ్లన్నీ ఇందులో ఉండవన్నది ముందే తెలుసుకుంటే తరువాత నిరాశ ఉండదు.

పెట్టెను టీవీకి తగిలించడంలోనే ఎక్కువ ఇళ్లలో చిక్కు వస్తుంది. 1990ల తరువాత వచ్చిన కలర్ టీవీల్లో ఎక్కువ వాటికి వెనుక గాని పక్కన గాని పసుపు, తెలుపు, ఎరుపు రంగుల మూడు గుండ్రని రంధ్రాలు ఉంటాయి. పసుపుది చిత్రానికి, తెలుపు, ఎరుపు ధ్వనికి. పెట్టెలో ఉన్న అవే రంగుల రంధ్రాల నుంచి ఎ.వి. తీగను రంగుకు రంగు కలిపి, టీవీ రిమోట్ మీద ఎ.వి. మీట నొక్కితే బొమ్మ రావాలి. టీవీకి తెలుపు, పసుపు రెండే ఉంటే అది ఒకే స్పీకరు సెట్టు అన్నమాట, ఎరుపు కొసను వదిలేయవచ్చు. చాలా ఇళ్లలో టీవీ రిమోట్ ఎప్పుడో పోయి ఉంటుంది; అప్పుడు టీవీ ముందు భాగంలోని ఛానల్ మీటతో సున్నా కంటే వెనక్కి వెళ్తే కొన్ని సెట్లలో ఎ.వి. స్థానం దొరుకుతుంది.

ఇంకా పాత సెట్లకు, ఒకప్పటి ఈ.సి.ఐ.ఎల్. వారి ఈసీ టీవీ వంటి వాటికి, ఎ.వి. రంధ్రాలే ఉండవు, అంటెన్నా సాకెట్టు ఒక్కటే ఉంటుంది. అలాంటి టీవీకి పెట్టెతో పాటు ఆర్.ఎఫ్. మాడ్యులేటర్ అనే చిన్న పరికరం కావాలి. పెట్టె ఇచ్చే చిత్రాన్ని, ధ్వనిని అది ఒక చిన్న టీవీ కేంద్రంలా ఏదో ఒక ఛానల్ మీద ప్రసార సంకేతంగా మార్చి అంటెన్నా సాకెట్టులోకి పంపుతుంది. టీవీని ఆ ఛానల్‌కు ట్యూన్ చేసి ఉంచితే, ఆపై ఛానళ్లు మార్చడమంతా పెట్టె రిమోట్‌తోనే జరుగుతుంది. కొన్ని పెట్టెల వెనుక ‘ఆర్.ఎఫ్. అవుట్’ అని రాసి ఉన్నా, అది లోపలికి వచ్చిన తీగ సంకేతాన్ని బయటికి దాటించే మార్గం మాత్రమే కావచ్చు కాబట్టి, దుకాణంలోనే అడిగి తేల్చుకోవడం మేలు. టీవీ వెనుక గుండ్రని సాకెట్టు బదులు రెండు మరలు ఉంటే, అది పూర్వపు చదును రిబ్బను తీగ కోసం చేసినది. దానికి 75 ఓముల కేబుల్‌ను 300 ఓములకు కుదిర్చే చిన్న మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

ఇటీవలి హెచ్.డి. పెట్టెలు మరో రకం ఇబ్బంది తెచ్చిపెట్టాయి. వాటిలో కొన్నిటికి మూడు రంగుల రంధ్రాలు పోయి, హెడ్‌ఫోన్ పిన్నులాంటి ఒక్క గుంట, ఒక హెచ్.డి.ఎం.ఐ. సాకెట్టు మాత్రమే మిగిలాయి. ఆ గుంటలో గుచ్చే తీగ ఒక కొసన పిన్ను, రెండో కొసన మూడు రంగులతో దొరుకుతుంది గాని, పిన్నులోని వలయాల క్రమం అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. బయట కొన్న తీగతో బొమ్మ రాకుండా స్పీకరులో బుర్రుమనే మోత వినిపిస్తే, చిత్ర సంకేతం ధ్వని రంధ్రంలోకి వెళ్తోందని అర్థం. పసుపు కొసను ఎరుపు లేదా తెలుపు కొసతో మార్చి చూస్తే చాలాసార్లు అక్కడికక్కడే సరిపోతుంది. హెచ్.డి.ఎం.ఐ. ఒక్కటే ఉన్న పెట్టెకు ‘హెచ్.డి.ఎం.ఐ. నుంచి ఎ.వి.’కి మార్చే పరికరం కొనాలి. అచ్చం అలాగే కనిపించే ‘ఎ.వి. నుంచి హెచ్.డి.ఎం.ఐ.’ పరికరం దీనికి పూర్తిగా ఉల్టా పని చేసేది కాబట్టి డబ్బా మీద రాసిన దిక్కు చదివి తీసుకోవాలి, ఫోన్ ఛార్జర్ లాంటి 5 వోల్టుల విద్యుత్తు కూడా దానికి ఇవ్వాలి. బొమ్మ వచ్చి రంగులు లేకపోయినా, పైకీ కిందికీ దొర్లుతున్నా, పెట్టె గాని మధ్య పరికరం గాని అమెరికా వాడిన ఎన్.టి.ఎస్.సి. ప్రమాణంలో ఉండి ఉంటుంది; దాన్ని పాల్‌కు మార్చాలి.

ఈనాటి కార్యక్రమాలు 16:9 కొలతలో, అంటే వెడల్పుగా, తయారవుతాయి. పిక్చర్ ట్యూబు తెర 4:3 కొలతది. పెట్టె సెట్టింగుల్లో తెర కొలతను 4:3 అని చెప్పకపోతే మనుషులు సన్నగా, పొడుగ్గా సాగినట్టు కనిపిస్తారు. లెటర్‌బాక్స్ ఎంచుకుంటే పైనా కిందా నల్ల పట్టీలతో పూర్తి దృశ్యం వస్తుంది, పాన్ స్కాన్ ఎంచుకుంటే తెర నిండుతుంది గాని అంచులు తెగిపోతాయి. వార్తా ఛానళ్ల కింద పరుగెత్తే అక్షరాలు చదవాలనుకునేవారికి లెటర్‌బాక్సే అనువుగా ఉంటుంది.

అనలాగ్ కాలంలో సంకేతం బలహీనపడితే తెర మీద చుక్కలు పెరుగుతూ బొమ్మ మసకబారేది, అయినా క్రికెట్ స్కోరు కనిపించేది, పాట వినిపించేది. డిజిటల్‌లో సంకేతం ఒక స్థాయి దాకా ఎంత తగ్గినా తేడా తెలియదు, ఆ స్థాయి దాటగానే బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి ఒక్కసారిగా ఆగిపోతుంది. కాబట్టి బొమ్మ ఆగిపోతే టీవీని అనుమానించే ముందు తీగ కొసన ఉన్న కనెక్టరు వదులైందా, తుప్పు పట్టిందా, మధ్యలో అతుకులు ఎన్ని ఉన్నాయి అన్నవి చూడాలి. టీవీ వెనుక మూత మాత్రం ఇంట్లోవాళ్లు విప్పకూడదు. కలర్ పిక్చర్ ట్యూబులో 20 వేల వోల్టులకు పైగా ఉండే విద్యుత్తు, స్విచ్చు తీసిన తరువాత కూడా కొంతకాలం నిలిచి ప్రాణాపాయం కలిగించగలదు.

ఇంత చేశాక కూడా మిగిలేది సొత్తు ప్రశ్న. డబ్బు పూర్తిగా కట్టి కొన్న పెట్టె అయినా, ఆపరేటరును మార్చిన రోజున, ఇల్లు మారి వేరే సంస్థ పరిధిలోకి వెళ్లిన రోజున, అది అలమరలో పడి ఉండే వస్తువు అవుతుంది. సిమ్ కార్డు మారిస్తే ఏ సంస్థకైనా పని చేసే ఫోను ఉన్న దేశంలో, ఒక్కో కుటుంబం రెండేసి, మూడేసి పనికిరాని పెట్టెలు పోగుచేసుకోవడం డబ్బుకూ, పర్యావరణానికీ నష్టమే. ఒకే రకం సేవలో ఏ సంస్థ ప్రసారానికైనా ఒకే పెట్టె పనికివచ్చేలా తప్పనిసరి నిబంధన తేవాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో కేంద్రానికి సిఫారసు చేసింది. తాళం తీసే భాగాన్ని పెట్టె నుంచి వేరుచేసి, యు.ఎస్.బి. రంధ్రంలో గుచ్చే చిన్న పరికరంగా ఇస్తే, సంస్థ మారినప్పుడు ఆ ముక్క ఒక్కటే మార్చుకోవచ్చునన్నది దాని సారం. 2019 ఫిబ్రవరి నుంచి అమలైన చందా విధానంలో మొదట నెలకు 130 రూపాయల నెట్‌వర్కు రుసుము, దాని మీద 18 శాతం పన్ను కలిపి 153 రూపాయల 40 పైసలు కట్టాకనే పే ఛానళ్ల లెక్క మొదలయ్యేది. ఆ విధానంతో ఛానళ్లను ఎంచుకునే హక్కు వీక్షకుడికి ఇచ్చామని చెప్పడం న్యాయమే గాని, ఆపరేటరును ఎంచుకునే హక్కుకు పెట్టెయే అడ్డుగోడగా నిలిచినంత కాలం అది సగం హక్కే.

అప్పటిదాకా పెట్టె తీసుకునేవారు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. కట్టిన సొమ్ము ధర కిందా, అద్దె కిందా, తిరిగి ఇచ్చే డిపాజిట్టు కిందా అన్నది రసీదు మీద రాయించుకోవాలి. డిపాజిట్టు అయితే పెట్టె వాపసు చేసినప్పుడు ఎంత చేతికి వస్తుందో ముందే అడగాలి. పెట్టె నంబరును దరఖాస్తు ఫారంతో పోల్చి చూసుకుని, ఫారం నకలును దాచుకోవాలి. సెకండ్ హ్యాండ్ దుకాణంలో చవకగా దొరికే కేబుల్ పెట్టె మరో ఇంటి పేరుతో నమోదై ఉంటుంది, పైగా ఏదో ఒక సంస్థ తాళానికి కట్టుబడి ఉంటుంది కనుక దాన్ని కొనడం దండగ. తాళం లేని ఉచిత ఛానళ్లకే పనికివచ్చే ఫ్రీ డిష్ పెట్టెను మాత్రం, దుకాణంలోనే ఆన్ చేయించి, రిమోట్ పని చేస్తోందో లేదో చూసుకుని సెకండ్ హ్యాండ్‌లో కూడా నిశ్చింతగా తెచ్చుకోవచ్చు.